ఆక్సిజన్ సెన్సార్ మార్చాలంటున్నారు, ఎస్టిమేట్ చూస్తే గుండె ఆగినంత పనైంది. అసలు ఎంత ఖర్చు కావాలి?

నీలిహ్యాచ్
అందరికీ నమస్కారం. నాది పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్ల ఇంజిన్, కొని తొమ్మిదేళ్లయింది, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల క్రితం చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఇక ఆరలేదు. నడకలో పెద్ద తేడా ఏమీ లేదు గానీ, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తోంది, మైలేజీ కూడా కొంచెం తగ్గినట్టుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, రెండు ఉంటాయి, రెండూ మార్చేస్తే మంచిది" అన్నారు. ఎస్టిమేట్‌లో రెండు సెన్సార్లు, లేబరు, స్కానింగ్ ఛార్జీ, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్నీ రాశారు. మొత్తం చూస్తే నేను ఏడాది మొత్తం సర్వీసింగుకి పెట్టేదానికి రెట్టింపు ఉంది. బయట ఒక మెకానిక్‌ని అడిగితే అందులో నాలుగో వంతుకే చేసి ఇస్తానన్నాడు. ఇంత తేడా ఎలా వస్తుంది? ఎవరి మాట నమ్మాలో తెలియక బండి అలాగే తిప్పుతున్నాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పానాపట్టు
తమ్ముడూ, ముందు ఆ స్కానర్‌లో వచ్చిన కోడ్ నంబరు కనుక్కో. కోడ్ చెప్పకుండా "సెన్సార్ పోయింది" అనడం, జ్వరం ఎంతుందో చూడకుండా మందు రాసినట్టే. ఆక్సిజన్ సెన్సార్ పేరు మీద వచ్చే కోడ్‌లు చాలా ఉన్నాయి. పి0130 దగ్గర మొదలుపెట్టి పి0135 వరకు మొదటి సెన్సార్‌వి, పి0136 నుంచి పి0141 వరకు రెండోదానివి. ఒక్కోటి ఒక్కో జబ్బు. వైరు తెగినా కోడ్ వస్తుంది, ఫ్యూజు పోయినా వస్తుంది. ఏ కోడ్ వచ్చిందన్నదాన్ని బట్టే ఖర్చు ఉంటుంది. స్కానింగ్‌కి నువ్వు డబ్బులు కట్టావు కాబట్టి కోడ్ రాసి ఇమ్మని అడగడం నీ హక్కు. మొహమాటపడకు.

కొత్తస్టీరింగ్
నాకూ ఇదే సమస్య అన్నా, నా బండిలో పి0420 వచ్చింది. రెండో సెన్సార్ మారిస్తే పోతుందన్నారు. నిజమేనా?

పానాపట్టు
కొత్తస్టీరింగ్, నీది వేరే కథ, దాని సంగతి కింద చెప్తాను. అప్పటిదాకా ఏదీ మార్పించకు.

శ్రావణి_డ్రైవ్స్
నేను ఈ విషయంలో రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను. పోయిన ఏడాది నా బండికి పి0171 వచ్చింది. అంటే ఇంజిన్‌కి పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ వెళ్తోందని అర్థమట. గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సార్ తప్పు చూపిస్తోంది అని చెప్పి కొత్తది వేశారు. నాలుగు రోజులకు అదే లైటు, అదే కోడ్. మళ్లీ వెళ్తే ఈసారి ఫ్యూయల్ పంపు అన్నారు. అక్కడితో వాళ్లకో దండం పెట్టి వేరే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గాలి లోపలికి వెళ్లే రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూపించాడు. మడత దగ్గర వేలెడంత చీలిక. అక్కడినుంచి దొంగ గాలి లోపలికి పోతోంది. సెన్సార్ పాపం ఉన్నది ఉన్నట్టే చెప్పింది, మేమే దాన్ని దోషిని చేశాం. గొట్టం ఖరీదు సెన్సార్ ఖరీదులో పదో వంతు కూడా లేదు. పాత సెన్సార్ బాగానే ఉందని ఆ తర్వాత తెలిసింది, కానీ దాన్ని అప్పటికే పారేశారు. మార్చిన ఏ భాగాన్నైనా తిరిగి ఇమ్మని అడగండి, ఇది మాత్రం మర్చిపోకండి.

మీటర్‌మాస్టారు
శ్రావణిగారు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, మెకానిక్‌ని కాదు, కానీ ఈ సెన్సార్ అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఇది ఏం చేస్తుందో తెలిస్తే సగం ఖర్చు అక్కడే తప్పుతుంది.

పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్లు గాలి కావాలి. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో మండాక బయటికి వచ్చే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి చెప్పేదే ఈ సెన్సార్. లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. దానికి ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి. రెండు పక్కలా ఆక్సిజన్ తేడాని బట్టి అదే చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోల్ ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, తక్కువైతే 0.1 వోల్టు, సరిగ్గా ఉన్నచోట 0.45 చుట్టుపక్కల. బండిలో ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ ఈ అంకెని చూసుకుంటూ, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ని క్షణక్షణం సర్దుతుంది. బాష్ కంపెనీ దీన్ని తయారుచేస్తే 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చింది. లాంబ్డా సెన్సార్ అని కూడా అంటారు, రెండూ ఒకటే. బిల్లులో రెండు పేర్లూ వేరు వేరు వరుసల్లో కనిపిస్తే అడగండి.

ఇంకో సంగతి. జిర్కోనియా సుమారు 300 డిగ్రీల పైన వేడెక్కితే గానీ పనిచేయదు. చల్లటి ఇంజిన్‌లో పొగ వేడికి అంత వేడెక్కాలంటే చాలాసేపు పడుతుంది. అందుకే లోపల చిన్న హీటర్ పెట్టారు. నాలుగు వైర్లున్న సెన్సార్‌లో రెండు ఆ హీటర్‌వే. నీలిహ్యాచ్‌గారు పొద్దున్నపూట పెట్రోల్ వాసన అన్నారు చూశారా, నాకు అక్కడే అనుమానం తగిలింది.

నీలిహ్యాచ్
కోడ్ తెచ్చాను. అడిగితే మొదట "అవన్నీ మీకెందుకు సార్" అన్నారు, నేను కదలకపోయేసరికి కాగితం మీద రాసిచ్చారు. పి0135. ఇదొక్కటే ఉంది, ఇంకేమీ లేదు.

మీటర్‌మాస్టారు
అనుకున్నదే. మొదటి సెన్సార్ హీటర్ సర్క్యూట్. సర్క్యూట్ అన్నమాట గమనించండి, హీటర్ అని మాత్రమే కాదు. హీటర్ కాలిపోయి ఉండొచ్చు, దానికి వచ్చే కరెంటే ఆగిపోయి ఉండొచ్చు. హీటర్ లేకపోతే సెన్సార్ ఆలస్యంగా మేలుకుంటుంది, అప్పటిదాకా కంప్యూటర్ తన దగ్గరున్న అంచనా లెక్కతో కాస్త ఎక్కువ పెట్రోల్ పోస్తూ ఉంటుంది. మీ వాసనకీ, మైలేజీకీ కారణం అదే కావాలి.

చూడాల్సిన వరుస ఇది. ముందు ఫ్యూజు. చాలా బండ్లలో రెండు సెన్సార్ల హీటర్లకీ ఒకే ఫ్యూజు ఉంటుంది, అది పోతే పి0135, పి0141 రెండూ కలిసి వస్తాయి. మీకు ఒకటే వచ్చింది కాబట్టి ఫ్యూజు బాగానే ఉండే అవకాశం ఎక్కువ, అయినా చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. తర్వాత ఇంజిన్ చల్లారాక సెన్సార్ కనెక్టర్ ఊడదీసి, సెన్సార్ వైపు ఒకే రంగులో ఉండే రెండు వైర్ల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవాలి. బాగున్న హీటర్ కొద్ది ఓమ్‌ల నుంచి పదిహేను దాకా చూపిస్తుంది. సరైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. మీటర్ అసలు కదలకపోతే హీటర్ తెగినట్టే. అది బాగుంటే బండి వైపు కనెక్టర్‌లో, ఇంజిన్ నడుస్తుండగా, 12 వోల్టులు వస్తున్నాయా లేదా చూడాలి.

నీలిహ్యాచ్
మాస్టారూ, చాలా థాంక్స్. మా బావమరిది దగ్గర మల్టీమీటర్ ఉంది, ఆదివారం చూస్తాం. మరి రెండు సెన్సార్లూ మార్చాలన్నారు కదా, అందులో నిజం ఉందా?

పానాపట్టు
నీ బండికి అక్కర్లేదు. పైది, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా) ముందున్నది, ఇంజిన్‌ని నడిపించేది. దాని మీదే పని భారమంతా. కన్వర్టర్ తర్వాత ఉండేది కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది, అంతే. రెండూ ఒకేసారి పోవడం అరుదు. వి ఆకారం ఇంజిన్లలో రెండు బ్యాంకులు, అంటే సిలిండర్ల వరుసలు రెండు ఉంటాయి. అక్కడ ఒక పక్క ముందు సెన్సార్ వయసు అయిపోయి మందగిస్తే, రెండో పక్కదీ అంతే తిరిగింది కాబట్టి జంటగా మార్చేవాళ్లున్నారు, అందులో కొంచెం అర్థముంది. నీది నాలుగు సిలిండర్లు, ఒకే బ్యాంకు. రెండో సెన్సార్ మీద కోడే లేదు. దాన్ని ఎందుకు ముట్టుకోవడం? తుప్పు పట్టిన చోట బాగున్న సెన్సార్‌ని కదిలిస్తే మర పాడైపోయి కొత్త ఖర్చు తగులుకుంటుంది.

ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్ కూడా పి0135కి ఏ సంబంధమూ లేనివి. అవి చెడ్డ పనులని కాదు, అవసరమైనప్పుడు చేయించుకో. హీటర్ కోడ్‌తో కలిపి రాయడం మాత్రం తప్పు.

పార్ట్స్‌కౌంటర్
నేను విడిభాగాల అమ్మకంలో పదమూడేళ్లుగా ఉన్నాను. ధరల్లో తేడా ఎందుకు వస్తుందో చెప్తాను, ఎందుకంటే రోజూ కౌంటర్ దగ్గర ఈ గొడవే.

కారు కంపెనీలు ఆక్సిజన్ సెన్సార్లని మామూలుగా సొంతంగా చేసుకోవు. బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటి కొద్దిమంది తయారీదారుల దగ్గర కొంటాయి. అదే సెన్సార్ కారు కంపెనీ డబ్బాలో వస్తే ఒక ధర, తయారీదారు సొంత డబ్బాలో వస్తే దానికంటే బాగా తక్కువ ధర. పాత సెన్సార్ ఒంటి మీద నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరు పట్టుకుని అడిగితే సరిగ్గా అదే దొరుకుతుంది. మీ ఖర్చులో పెద్ద కోత పడేది ఇక్కడే.

మూడోది యూనివర్సల్ రకం. కనెక్టర్ ఉండదు, పాతదాని కనెక్టర్ కోసి వైర్లు కలపాలి. ధర అన్నిటికంటే తక్కువ. నేను అమ్ముతాను గానీ నా బండికి వేసుకోను. చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ వైర్ల లోపలి సందుల్లోంచే పీల్చుకుంటాయి. అతుకు దగ్గర సోల్డర్ పోసి గాలి దారి మూసేస్తే, కనెక్టర్‌లో గ్రీజు పూస్తే, కొత్త సెన్సార్ కూడా తప్పులు చెప్పడం మొదలుపెడుతుంది. కలపక తప్పకపోతే దాంతో వచ్చిన, నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్లే వాడాలి.

నాలుగోది డూప్లికేట్. డబ్బా అచ్చం ఒరిజినల్‌లా ఉంటుంది. ధర మరీ తక్కువ చెప్తే, నంబరు చెక్కుడు కాకుండా పైపైన అచ్చువేసినట్టు ఉంటే అనుమానించండి. బయటి మెకానిక్ నాలుగో వంతుకి చేస్తానన్నాడంటే ఏ సెన్సార్ వేస్తాడో ముందే అడగండి, బిల్లు ఇస్తాడో లేదో కూడా.

ఇంకా, మీ బండిలో వైడ్‌బ్యాండ్ రకం ఉందేమో చూసుకోండి. దాన్ని ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్ అని కూడా అంటారు. కొత్త బండ్లలో కన్వర్టర్ ముందు ఎక్కువగా ఇదే ఉంటోంది, వైర్లు తరచుగా ఐదు. మామూలుదానికంటే దీని ఖరీదు బాగా ఎక్కువ. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు.

లాంగ్‌రైడ్‌రాజు
ఇంత ఖర్చెందుకు బ్రదర్స్? నేను పాత బండి సెన్సార్ విప్పి, కొస మీద గ్యాస్ మంట పెట్టి మసి కాల్చేసి మళ్లీ బిగించాను. లైటు ఆరింది, మూణ్ణెల్లు నడిచింది.

పానాపట్టు
మూణ్ణెల్ల తర్వాత ఏమైంది?

లాంగ్‌రైడ్‌రాజు
మళ్లీ వెలిగింది, చివరికి మార్చాను. అది నిజమే. కానీ చేతిలో డబ్బు లేని టైములో మూణ్ణెల్లు గడిచాయి కదా.

పానాపట్టు
నీ ఇబ్బంది అర్థమైంది, తప్పు పట్టట్లేదు. మసి ఒక్కటే అయితే మంటకి పోతుంది, అందుకే నీకు కొన్నాళ్లు పనిచేసింది. కానీ సీసం, ఇంజిన్ ఆయిల్‌లోని ఫాస్ఫరస్, హెడ్ గాస్కెట్ కారితే లోపలికి వచ్చే కూలెంట్‌లోని సిలికా, గాస్కెట్లకి పూసే నాసిరకం సిలికాన్ జిగురు ఆవిరి, ఇవి పట్టుకుంటే ఏ మంటకీ పోవు. పైగా ఒకేచోట మంట తగిలితే లోపలి పింగాణీ పగులుతుంది. హీటర్ తీగ తెగితే మంట ఏం చేస్తుంది? నీలిహ్యాచ్‌కి ఇది పనికిరాదు. ఇంకో మాట, కొత్త సెన్సార్ ఏడాదిలోపే పోతే మళ్లీ ఇంకోటి కొనే ముందు ఆయిల్ తాగుతోందా, కూలెంట్ తగ్గుతోందా చూసుకోండి. దాన్ని చంపుతున్నది వేరే ఉందన్నమాట.

ట్యాక్సీఅన్న
నేను ట్యాక్సీ తిప్పుతా. నా అనుభవం వింటే ఎవరూ ఆలస్యం చేయరు. నా బండికి పి0131 వచ్చింది, మొదటి సెన్సార్ వోల్టేజీ తక్కువ అని. బండి నడుస్తోంది కదా, ట్రిప్పులు పోగొట్టుకోవడం దేనికని నాలుగు నెలలు అలాగే తిప్పాను. సెన్సార్ ఎప్పుడూ తక్కువ వోల్టేజీ చెప్తుంటే కంప్యూటర్ పెట్రోల్ చాలట్లేదనుకుని ఇంకా ఇంకా పోసింది. మండకుండా మిగిలిన పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌లో మండి, దాని లోపలి తేనెపట్టు లాంటి గూడు కరిగి ముద్దయింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగలేదు. ఆఖరికి కన్వర్టర్ మార్చాల్సి వచ్చింది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి ఆ ధర. ఒక్క కన్వర్టర్ డబ్బుతో సెన్సార్లు తొమ్మిది వచ్చేవి నాకు. నాలుగు నెలలు ఎక్కువ తాగిన పెట్రోల్ లెక్క వేరే. సెన్సార్ ఖర్చు భయపెట్టేదే, కాదనను. కానీ లైటు వెలిగాక రోజులు లెక్కపెట్టుకోండి.

నీలిహ్యాచ్
అన్నా, ఇది చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇప్పటికే పది రోజులు తిప్పాను.

మీటర్‌మాస్టారు
కంగారుపడకండి. హీటర్ కోడ్‌కీ ట్యాక్సీఅన్న కోడ్‌కీ తేడా ఉంది. మీ సెన్సార్ ఆలస్యంగానైనా వేడెక్కి పనిచేస్తోంది. పది రోజుల్లో కన్వర్టర్‌కి ఏమీ కాదు. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా అన్నది చూసుకోండి. ఆరి వెలుగుతూ ఉంటే మాత్రం సిలిండర్లలో పెట్రోల్ మండకుండా పోతోందని, కన్వర్టర్‌కి ప్రమాదమని అర్థం. అప్పుడు నడపకూడదు.

కొత్తస్టీరింగ్
నా పి0420 సంగతి?

పానాపట్టు
వస్తున్నా. పి0420 అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని. అది చెప్పేది రెండో సెన్సారే గానీ, చెప్పినవాడిదే తప్పని అనుకోకూడదు. లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్లు చెప్పే అంకెలు, చూపించే స్కానర్ పెట్టించు. ఇంజిన్ బాగా వేడెక్కాక ముందు సెన్సార్ మామూలు రకమైతే 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతుండాలి. వెనకది దాదాపు కదలకుండా, 0.6, 0.7 దగ్గర నిలబడాలి. వెనకది కూడా ముందుదానిలా ఊగుతోందంటే కన్వర్టర్ పని అయిపోవస్తోంది, లేదా వాటి మధ్య ఎక్కడో పైపు జాయింట్ లీకై బయటి గాలి లోపలికి పోతోంది. లీకు సంగతి ముందు తేల్చు, అది అన్నిటికంటే చవక. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే చెవి పెట్టి వింటే టిక్ టిక్‌మని చప్పుడు, జాయింట్ చుట్టూ నల్లటి మసి. ఇవి ఉంటే లీకే. సెన్సార్ మారిస్తే పి0420 పోయిందని చెప్పేవాళ్లలో చాలామందికి పోయింది కోడ్ తుడిపేయడం వల్ల. మళ్లీ వస్తుంది.

శ్రావణి_డ్రైవ్స్
వెనక సెన్సార్‌కి ఒక చిన్న గొట్టం లాంటిది తగిలించి, కాస్త బయటికి జరిపితే కోడ్ రాదని నాకు ఒకాయన చెప్పాడు. అలా చేయించుకోవచ్చా?

మీటర్‌మాస్టారు
వద్దమ్మా. అది కన్వర్టర్ చచ్చిపోయిన సంగతి దాచిపెట్టడం. విషపు పొగ బయటికి పోతూనే ఉంటుంది, మీ ముందువెనకల ఉన్న పిల్లలే పీలుస్తారు.

నీలిహ్యాచ్
ఆదివారం చూశాం. ఫ్యూజు బాగుంది. బండి వైపు కరెంటు 12.4 వోల్టులు వస్తోంది. సెన్సార్ వైపు రెండు తెల్ల వైర్ల మధ్య మీటర్ అసలు కదల్లేదు. రెండో సెన్సార్‌ది కూడా కొలిచాం పోల్చుకోవడానికి, అది తొమ్మిది ఓమ్‌లు చూపించింది. అంటే మొదటిదాని హీటర్ పోయినట్టే కదా మాస్టారూ? ఇప్పుడు నేనే విప్పి మార్చుకోవచ్చా?

మీటర్‌మాస్టారు
సందేహం లేదు, హీటర్ తీగ తెగింది. సెన్సార్ మార్చాల్సిందే, ఒక్కటే. విప్పే సంగతి పానాపట్టుగారు చెప్పాలి.

పానాపట్టు
చేయొచ్చు, కానీ తొమ్మిదేళ్లుగా కదలని మర అది. ఎక్కువ బండ్లలో మర ఎం18, తల 22 మిల్లీమీటర్లు. వైరు పక్కనుంచి పోయేలా చీలిక ఉన్న సాకెట్ దొరుకుతుంది, అది లేకుండా మొదలుపెట్టొద్దు, మామూలు ఓపెన్ పానాతో తల అరిగిపోతుంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె మర మొదట్లో కొట్టి వదిలెయ్. పొద్దున్న ఇంజిన్ ఐదు నిమిషాలు తిప్పి ఆపు, గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పు. చేతికి మందపాటి గ్లౌజు వేసుకో. కొంచెం కదిలి మళ్లీ బిగిసిపోతున్నట్టు అనిపిస్తే మొండిగా లాగకు, వెనక్కి తిప్పు, నూనె కొట్టు, మళ్లీ తిప్పు. కొత్తదాని మర మీద పేస్టు ముందే పూసి ఉంటుంది, నువ్వు అదనంగా పూయకు, కొస మీద ఏదీ అంటనివ్వకు. మొదట చేత్తోనే ఎక్కించు. తర్వాత మాన్యువల్‌లో ఉన్నంత బిగింపు, మామూలుగా 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కిందపడేసిన సెన్సార్ బయటికి బాగున్నా వాడొద్దు.

నిజం చెప్పాలంటే, ముందు సెన్సార్ చేతికి అందేలా పైనే ఉంటే నువ్వే చెయ్. కింద ఇరుకులో, వేడి కవచం వెనకాల ఉంటే లేబర్ కట్టెయ్. సాఫీగా వస్తే అది గంటలోపు పని. ఒక్క గంట లేబర్ కంటే ఎక్కువ రాస్తే ఎందుకని అడుగు. మర ఊడిరాకపోతే మాత్రం ఎంత టైము పడుతుందో ఎవడూ ముందే చెప్పలేడు, దాన్ని మోసం అనుకోకు.

నీలిహ్యాచ్
నాది కిందే ఉంది, కవచం వెనకాల. భయమేసి చేయి పెట్టలేదు.

వారం తర్వాత అప్‌డేట్ ఇస్తున్నాను. పార్ట్స్‌కౌంటర్ గారు చెప్పినట్టు పాత సెన్సార్ మీద నంబరు ఫోటో తీసుకుని, తయారీదారు డబ్బాలో ఉన్నది నేనే కొన్నాను. కారు కంపెనీ డబ్బాలో ఉన్నదానికి చెప్పిన ధరలో అది సగం కంటే కొంచెం ఎక్కువ పడింది. నాలుగు వైర్ల మామూలు రకమే. ఇంకో గ్యారేజీలో, వస్తువు నేను తెస్తాను లేబర్ మాత్రం మీది అంటే ఒప్పుకున్నారు, కానీ వస్తువుకి గ్యారంటీ తమది కాదని ముందే చెప్పారు, అది న్యాయమే అనిపించింది.

విప్పేటప్పుడు పానాపట్టు అన్న భయపడ్డదే అయింది. పాత సెన్సార్ బయటికి వచ్చేటప్పుడు పైపులోని మరలు రెండు చుట్లు లాక్కుని వచ్చింది. ఆయన నాకు చూపించి, ట్యాప్ పెట్టి మర సరిచేసి ఎక్కించాడు. దానికి అరగంట లేబర్ అదనంగా తీసుకున్నాడు. అన్నీ కలిపినా మొదటి ఎస్టిమేట్‌లో మూడో వంతు కంటే తక్కువే అయింది. పాత సెన్సార్ ఇంటికి తెచ్చుకున్నాను.

లైటు పోయింది. పొద్దున్న వాసన రెండో రోజే పోయింది. మైలేజీ ఒక ట్యాంకు పూర్తయ్యాక కొలుస్తాను. ఒక్క అనుమానం: వచ్చే వారం పొగ పరీక్ష చేయించాలి, వెంటనే వెళ్లొచ్చా?

పానాపట్టు
శభాష్ తమ్ముడూ. ఆ ట్యాపింగ్ చేసినాయన దగ్గరికే ఇకనుంచి వెళ్లు, చూపించి చేసేవాడు దొరకడం కష్టం. పరీక్షకి రెండు మూడు రోజులు ఆగు. కోడ్ తుడిపేస్తే కంప్యూటర్ తన సొంత పరీక్షల్ని మొదటినుంచి చేసుకోవాలి. చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి, ఊళ్లో కాసేపు, హైవే మీద కాసేపు నడుపు. స్కానర్‌లో ఆ పరీక్షలన్నీ పూర్తయినట్టు చూపించాక వెళ్లు. కంప్యూటర్‌ని కలిపి చూసే చోటైతే పూర్తికాకపోతే వెనక్కి పంపేస్తారు.

ట్యాక్సీఅన్న
మంచిపని చేశావు తమ్ముడూ. మైలేజీ ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి కొలువు, ముల్లుని చూసి చెప్పకు.

నీలిహ్యాచ్
సరే అన్నా. ఇక్కడ అడక్కపోయి ఉంటే రెండు సెన్సార్లూ వేయించుకుని, ఆ క్లీనింగులు కూడా చేయించుకుని, ఇంకా థాంక్స్ చెప్పి వచ్చేవాణ్ణి. మీ అందరికీ, ముఖ్యంగా మాస్టారుకి, నమస్కారాలు.

కొత్తస్టీరింగ్
నాదీ తేలింది. పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి విన్నాను, టిక్ టిక్ స్పష్టంగా వినిపించింది. కన్వర్టర్ ముందు జాయింట్ దగ్గర గాస్కెట్ కాలిపోయి చుట్టూ మసి పట్టింది. గాస్కెట్ ఒకటి, బోల్టులు రెండు మార్చారు. లైవ్ డేటాలో వెనక సెన్సార్ ఇప్పుడు 0.68 దగ్గర నిలబడింది. సెన్సార్ మార్చలేదు. ఆరు వందల కిలోమీటర్లు తిరిగాను, లైటు మళ్లీ రాలేదు.